కైరోకి వచ్చే శాకాహారులూ, ముందు షోర్బా సంగతి తేల్చుకోండి

పోయిన వారం ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తమ్ముణ్ణి భోజనానికి తీసుకెళ్లాను. గుడ్డు కూడా ముట్టని పిల్లాడు. నేను చేతులు కడుక్కొచ్చేలోపు "మిన్ ఘేర్ లహ్మా" అని, అంటే మాంసం వద్దని, ఫోన్‌లో చూసి నేర్చుకున్న ముక్కతో వాడే ఆర్డర్ ఇచ్చేశాడు. బామియా వచ్చింది. టమాటా పులుసులో మన బెండకాయే. సగం తిన్నాక గిన్నె అడుగున చిన్న ఎముక తగిలింది. అడిగితే సర్వర్ అమాయకంగా, ముక్కలన్నీ ఏరేసే కదా పెట్టాం అన్నాడు. అతని లెక్కలో అది మాంసం లేని కూరే మరి.

వీసా, సిమ్, అద్దె ఇల్లు గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, వాళ్లనడగండి. షోర్బా గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మాంసమో కోడో ఉడికించిన నీళ్లను షోర్బా అంటారు, ఇక్కడి వంటకి అదే ప్రాణం. అన్నం ఒక్కోసారి దాంతోనే వండుతారు, మహ్షీ, అంటే బియ్యం కూరిన క్యాబేజీ ఆకులూ వంకాయలూ, చాలా ఇళ్లలో అందులోనే ఉడుకుతాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, ఇక్కడ లహ్మా అంటే ఎద్దు మాంసం, గొర్రె మాంసం లాంటివే. కోడి అందులోకి రాదు, అది ఫిరాఖ్. లహ్మా వద్దంటే ప్రేమగా కోడి పెట్టేవాళ్లున్నారు!

నా కథ ఇంకా ఘోరం. వచ్చిన కొత్తలో మూడు నెలలు రొట్టె, అరటిపండు, పెరుగు మీదే బతికాను. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. అది చూసి పక్కింటి హాజ్జా (పెద్దావిణ్ణి ఇక్కడ గౌరవంగా అలా పిలుస్తారు) ప్రతి శుక్రవారం ములూఖియా పంపేది. జనపనార జాతి ఆకు అది, సన్నగా తరిగి వండితే జిగురుగా ఉంటుంది, పైన వెల్లుల్లి, ధనియాలు నేతిలో వేయించి పోస్తారు, దాన్ని తఅలియా అంటారు (తాలింపుకి ఎంత దగ్గరగా ఉందో చూడండి). లొట్టలేసుకుంటూ తిన్నాను. ఒకరోజు ఎలా చేస్తారని అడిగితే షోర్బా "అర్నబ్"ది అంది, నాకు అర్థం కాలేదు, అప్పుడావిడ రెండు చేతులూ తలమీద చెవుల్లా పెట్టి చూపించింది. కుందేలు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, పైగా ఆవిణ్ణి ఏమంటాను?

కాబట్టి నబాతీ, వెజిటేరియన్ అంటూ ఉపన్యాసాలివ్వకండి బాబూ, ఒక్క మాట అనండి: "సియామీ". ఇక్కడి కాప్టిక్ క్రైస్తవులు ఏడాదిలో 200 రోజులకు పైగా ఉపవాసాలుంటారు, అప్పుడు మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టరు, ఆ వంటకి సియామీ అని పేరు. ముస్లిం వంటవాడికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే వాళ్ల కొన్ని ఉపవాసాల్లో చేప తినొచ్చు, అందుకని "మిన్ ఘేర్ సమక్" అని కూడా తగిలించండి. తర్వాత షోర్బా ఉందా అని మళ్లీ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సరే, మరీ భయపడిపోకండి. ఫూల్ ఉంది, బాకలా గింజల్ని (ఫావా బీన్స్) రాత్రంతా సన్నసెగ మీద ఉడికించి నూనె, నిమ్మరసం, జీలకర్రతో పెడతారు. అవే గింజలు నానబెట్టి కొత్తిమీర వేసి రుబ్బి వేయిస్తే తామేయా, మన వడకి చుట్టం. (జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు ఈ రెండిటి జోలికీ, కింద చెప్పే బిసారా జోలికీ పోవద్దు, ఇది తమాషాకి చెప్పట్లేదు.) అన్నం, మాకరోనీ, మసూర్ పప్పు, శనగలు, వేయించిన ఉల్లిపాయలు కలిపిన కొషరీ మీద షత్తా కారం వేసుకుంటే కడుపు నిండుతుంది. ఆ బాకలా గింజలతోనే ఆకులు వేసి చేసే బిసారా దొరికితే వదలకండి, ఆకుకూర పప్పు తిన్నట్టే ఉంటుంది. పెరుగు కావాలంటే జబాదీ అనండి.

ఇంగువ తెచ్చుకోండి. చింతపండు మాత్రం కిలోలు మోసుకురావద్దు, ఇక్కడ "తమ్ర్ హిందీ" అంటే అదే, మసాలాలమ్మే అత్తార్ కొట్లో దొరుకుతుంది. పక్కనే ఎర్రగా ఎండబెట్టిన కర్కదే బస్తా కూడా ఉంటుంది, పానీయానికి వాడతారు. అది గోంగూర పువ్వు అడుగున ఉండే ఎర్ర తొడుగే. ఆకు ఎక్కడని మాత్రం అడక్కండి, నేను వెతికి వెతికి మానేశాను.