సైకిల్ అద్దం వణుకుతుంటే అద్దం మార్చకండి

అద్దంలో ఆకాశమో, మన చెయ్యో తప్ప ఏమీ కనపడదు

పెద్ద స్టాండు వేసి, పక్కన నిలబడి అద్దం సర్దుతారు, తప్పు అక్కడే. స్టాండు మీద వెనక చక్రం లేచి ఉంటుంది కదండీ! దింపగానే సైకిల్ వాలుతో పాటు అద్దం వాలూ మారిపోతుంది. సీటెక్కి, ఒక కాలు నేలకి ఆనించి సర్దండి. కుడి మోచెయ్యి అంచు అద్దంలో లోపలివైపు సన్నగా, వెనక రోడ్డు మధ్యలో కనపడాలి. నా దగ్గరికి రిపేరుకి తెచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ ఒక్క పనీ చెయ్యకుండానే వస్తారు.

ఆగి ఉంటే బాగానే ఉంది, తొక్కితే బొమ్మ వణుకుతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. కొత్తపేట దాటాక వెనక కొబ్బరికాయల లారీ ఒకటి వస్తుంటే, అద్దంలో నాకు రెండు కనపడ్డాయి. అద్దాన్ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంపు బిగించాను. రెండు అద్దాలు మార్చాను. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క మూడు చుట్లు చుట్టాను, అది స్ప్రింగులా ఊగి ఇంకా వణికింది. ఒక చుట్టు చాలు.

చివరికి చూస్తే తప్పు అద్దానిది కాదు, హ్యాండిల్ కింద ఫోర్కు కప్పులది, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఫ్రేములో తిరిగే చోట పైనా కిందా ఉండే గిన్నెలది. కింది కప్పు ముందు చక్రానికి సరిగ్గా పైన ఉంటుంది. ఊడ్పుల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డంతా పూసిన బురద అందులోకే చిమ్ముతుంది. కప్పులోని ఇనప గుండ్లు, అదే బాల్స్, నెమ్మదిగా అరిగి వదులవుతాయి. వదులు కొంచెం కొంచెంగా పెరుగుతుంది కాబట్టి చేతికి తెలియదు. అద్దం ఒక డిగ్రీ కదిలితే అందులో చూపు రెండు డిగ్రీలు కదులుతుంది, అందుకే ముందు అక్కడ బయటపడుతుంది.

స్టాండు మీద ఉంచి అద్దాన్ని వేలితో మీటండి. కదలకపోతే దాన్ని వదిలేయండి. కిందికి దించి, ముందు బ్రేకు పట్టి, ఫోర్కు ఫ్రేములోకి వెళ్ళే చోట వేలు పెట్టి, సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలికి టక్కుమని తగిలితే దొంగ దొరికినట్టే. పై లాక్ నట్టు వదులు చేసి, దాని కిందే ఉండే పై కప్పు చేత్తో బిగించి, లాక్ నట్టు మళ్ళీ బిగించండి. ముందు చక్రం పైకెత్తి పట్టుకుని హ్యాండిల్ వదిలితే అది తనంతట తానే ఓ పక్కకి వాలాలి. పట్టేసినట్టుంటే ఎక్కువ బిగించారు, కాస్త వదలండి, లేకపోతే మలుపులో హ్యాండిల్ మొరాయిస్తుంది. బిగించినా టక్కుమంటే బాల్స్ మార్పించి గ్రీజు పెట్టించడమే.

అద్దంలో దూరంగా ఉన్న లారీ, చూస్తే పక్కనే ఉంది

ఇది రిపేరు కాదు. గుండ్రంగా ఉబ్బిన అద్దం ఎక్కువ రోడ్డు చూపిస్తుంది, బదులుగా బండ్లని చిన్నవిగా చూపిస్తుంది. కుడివైపు తిరిగే ముందు ఒకసారి తల తిప్పి చూడాల్సిందే. కాలువ గట్టు రోడ్ల మీద పక్కకి జరగడానికి చోటుండదు, రొయ్యల వ్యాన్లు ఆగవు.

మిగతావి చిల్లర విషయాలు. ధనుర్మాసం మంచుకి జేబులో గుడ్డ ఉంచుకోండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి క్లాంపు తుప్పు పడితే కొత్తది వేయించండి. అద్దం పగిలితే ఇక అడగడానికేముంది!