చిన్న నెట్ రేడియో పెట్టేముందు వెయ్యాల్సిన రాయల్టీ లెక్క

నెట్ రేడియో పెడదామనుకునేవాళ్లు నన్ను ముందు సర్వర్ గురించో, మైకు గురించో అడుగుతారు. మా స్టేషన్ తరఫున నెలనెలా రాయల్టీ రిపోర్టు పంపేది నేనే. అందుకే ముందు కాగితం, పెన్ను తీసుకుని రాయల్టీ లెక్క వెయ్యమంటాను. చిన్న స్టేషన్లు మూతపడేది చాలావరకు అక్కడే. నేను చెప్పేదంతా అమెరికా నుంచి, అమెరికా శ్రోతల కోసం నడిచే స్టేషన్ల సంగతి.

ఒక్క పాటలో రెండు హక్కులుంటాయి. రాసి, బాణీ కట్టినవాళ్ల హక్కుకు ఆస్కాప్, బీఎంఐ, సీసాక్, జీఎంఆర్ అనే నాలుగు వసూలు సంస్థల దగ్గర విడివిడిగా లైసెన్సు తీసుకోవాలి. రికార్డింగు హక్కుకు కట్టేది సౌండ్‌ఎక్స్చేంజ్ అనే మరో వసూలు సంస్థకి. అక్కడి ఎఫ్ఎం స్టేషన్ గాలిలో వేసే పాటకు రికార్డింగు రాయల్టీ ఏమీ కట్టదు. అదే పాట నెట్‌లో వేస్తే కట్టాల్సిందే. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అలాగని ఎగ్గొట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. సౌండ్‌ఎక్స్చేంజ్ పంచే డబ్బులో సగం రికార్డింగు హక్కుదారుకు పోతే, 45 శాతం ముఖ్య కళాకారుడికి, 5 శాతం పక్క వాయిద్యాల వాళ్లకు, కోరస్ వాళ్లకు చేరుతుంది.

ఇక అసలు లెక్క. ఒక పాట ఒక శ్రోతకు వినిపిస్తే ఒక పర్ఫార్మెన్స్. అక్కడి ప్రభుత్వ కాపీరైట్ రాయల్టీ బోర్డు ఐదేళ్లకోసారి రేటు ఖరారు చేస్తుంది. చందా లేని వాణిజ్య స్టేషన్లకు 2021లో అది 0.21 సెంట్లు. ఆ తర్వాత ధరల సూచీని బట్టి సవరిస్తూ వచ్చారు. మీరు లెక్క వేసేటప్పుడు ఆ ఏడాది రేటే పెట్టుకోండి.

రోజంతా సగటున 40 మంది వింటున్నారు, గంటకు 15 పాటలు వేస్తున్నారు అనుకుందాం. 30 రోజులకు 4,32,000 పర్ఫార్మెన్సులు. 2021 రేటుతో నెలకు 907 డాలర్లు. మీకు ప్రకటనలు వచ్చాయా లేదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఏటా ముందే కట్టే కనీస ఫీజు (2021 నుంచి 2025 దాకా 1,000 డాలర్లు) ఈ బిల్లులోనే సర్దుబాటవుతుంది. కానీ దాంతో గడిచేది రోజంతా సగటున ముగ్గురు నలుగురు శ్రోతలకే.

2009 ఒప్పందం పుణ్యమా అని కొన్నాళ్లు చిన్న స్టేషన్లు ఆదాయంలో 12 నుంచి 14 శాతం కడితే సరిపోయేది. 2015 చివరితో ఆ వెసులుబాటు పోయింది. ప్రసారం, లైసెన్సులు కలిపి ప్యాకేజీగా ఇస్తూ వేల చిన్న స్టేషన్లకు నీడగా ఉన్న లైవ్365 ఆ మరుసటి నెలలోనే ఆగిపోయింది. 2017లో కొత్త యాజమాన్యంతో మళ్లీ మొదలైంది. విడిగా లైసెన్సులు తీసుకునే ఓపిక లేనివాళ్లు అలాంటి ప్యాకేజీలు చూసుకోవచ్చు.

ప్రకటనల మీద ఆశ లేకపోతే లాభాపేక్ష లేని సంస్థగా నమోదు చేసుకోండి. నా సలహాల్లో అన్నిటికంటే డబ్బు మిగిల్చేది ఇదే. 2021 నుంచి 2025 దాకా ఉన్న నిబంధనల ప్రకారం అలాంటి స్టేషన్‌కు ఏడాదికి అదే 1,000 డాలర్లతో నెలకు 1,59,140 శ్రవణ గంటల (ఒకరు గంటసేపు వింటే ఒక శ్రవణ గంట) వరకు చెల్లేది. అంటే సగటున 220 మంది రోజంతా విన్నా అదనంగా కట్టక్కర్లేకుండా ఉండేది.

వాణిజ్య స్టేషనే కావాలంటే పాటల లెక్క తగ్గించుకోవాలి. మాటల కార్యక్రమాలు పెంచి గంటకు 15 పాటలను 9కి తెస్తే పై బిల్లు 544 డాలర్లకు దిగుతుంది. సర్వర్ లాగ్‌లో గంటల తరబడి తెగని కనెక్షన్లు కూడా వెతకండి. రాత్రి పెట్టేసి నిద్రపోయిన ఒక్క ఫోను ఎనిమిది గంటల్లో 120 పాటలు మింగుతుంది, 2021 రేటుతో పాతిక సెంట్లు. అలాంటివి పది ఉంటే రోజుకు రెండున్నర డాలర్లు. కొన్ని గంటలకోసారి "ఇంకా వింటున్నారా?" అని అడిగి, జవాబు రాకపోతే లైను తెంచేయండి.

స్వతంత్ర కళాకారులతో నేరుగా ఒప్పందం చేసుకుంటే ఆ పాటలు సౌండ్‌ఎక్స్చేంజ్ లెక్కలోకి రావు. అయితే రికార్డింగు హక్కు నిజంగా వాళ్ల చేతిలోనే ఉండాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి, నోటిమాట చాలదు. 1923కు ముందు రికార్డింగులు 2022లోనే హక్కుల నుంచి బయటపడ్డాయి కాబట్టి అవీ ఆ లెక్కలోకి రావు.

డబ్బు కట్టినంత మాత్రాన ఇష్టమొచ్చినట్టు వెయ్యడం కుదరదు. ఏ మూడు గంటల్లోనైనా ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు, ఒకే కళాకారుడివి నాలుగు పాటలకు మించకూడదు. పుట్టినరోజు ప్రత్యేకమని పూటంతా ఒకే గాయకుడిని వినిపించాలంటే హక్కుదారుల దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాలి. శ్రోత అడిగిన పాట గంటలోపే వెయ్యడం స్టేషన్ పద్ధతిగా మారితే ఈ లైసెన్సే వర్తించకుండా పోవచ్చు. రాబోయే పాటల జాబితా ముందుగా ప్రకటించడమూ నిషిద్ధమే.

రిపోర్టులో ప్రతి పాటకూ పేరు, కళాకారుడు ఉండాలి; వాటితో పాటు ఆల్బమ్, లేబుల్ రెండూ గానీ, ఐఎస్ఆర్‌సీ (ఒక్కో రికార్డింగుకు ఉండే గుర్తింపు) సంఖ్య గానీ ఉండాలి. ఇవన్నీ పాట లైబ్రరీలోకి ఎక్కించే రోజే నింపండి, నెలాఖరున వెతుకుతూ కూర్చుంటే తెమలదు. నెల ముగిశాక 45 రోజుల్లో డబ్బూ రిపోర్టూ రెండూ చేరాలి. గడువు దాటితే నెలకు 1.5 శాతం అపరాధ రుసుము పడుతుంది.