వాంతులు ఆగాక, బిడ్డ కదిలే దాకా

పరకాల వైపు ఒక ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. మొదటి మూడు నెలలు పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా, నీళ్లు కూడా ఆగుతలేవు" అని ఏడ్చే గర్భిణులు, నాలుగో నెల పడగానే ఫోన్ చేయడం మానేస్తారు. నేనే ఇంటికి వెళ్తే, "ఇప్పుడు మంచిగున్న అక్కా" అంటారు. మంచిగుంది కదా అని గోలీలు గూట్లో పెట్టేస్తారు, చెకప్ వచ్చే నెలకు వాయిదా వేస్తారు. నా భయమంతా ఈ నెలల గురించే. అందుకే 13వ వారం నుంచి 20వ వారం దాకా ఏం జరుగుతుందో, ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు మనసు సంగతి. వాంతులు ఆగిపోతాయి, బిడ్డ కదలిక ఇంకా తెలియదు. మధ్యలో నాలుగైదు వారాలు లోపల బిడ్డ ఉన్నట్టు ఏ గుర్తూ ఉండదు. నా మొదటి కాన్పప్పుడు 15వ వారంలో ఒక రాత్రి వాంతి లేదు, వికారం లేదు, రొమ్ముల నొప్పి కూడా తగ్గింది. బిడ్డ పోయిందేమోనని తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున మొదటి బస్సుకే వరంగల్ వెళ్లాను. డాక్టరమ్మ పొట్ట మీద చిన్న మెషిన్ పెట్టగానే గుర్రం పరుగెత్తినట్టు గుండె చప్పుడు వినిపించింది. మీకూ అలాంటి టెన్షన్ వస్తే రాత్రంతా మోయకండి. 12 వారాలు దాటాక ఆ మెషిన్‌తో చప్పుడు సాధారణంగా వినిపిస్తుంది. వెళ్లి వినండి, తప్పేం లేదు.

ఇక గోలీలు. నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర గోలీ, అంటే 60 మిల్లీగ్రాముల ఐరన్, దానిలోనే ఫోలిక్ యాసిడ్. కనీసం 180 రోజులు వేసుకోవాలి, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. 14వ వారం నుంచి క్యాల్షియం రోజుకు రెండు, అన్నం తిన్నాక. రెండు రకాలనూ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మా ఊళ్లో అందరికీ ఒకటే లెక్క చెప్తాను: పొద్దున, మధ్యాహ్నం తిన్నాక క్యాల్షియం, రాత్రి తిన్న గంటకో రెండు గంటలకో నిమ్మరసం నీళ్లతో ఐరన్. చాయ్‌తో మాత్రం వద్దు. నేనే ఆ తప్పు చేశాను. పొద్దున చాయ్ తాగుతూ గోలీ మింగేదాన్ని, ఆరో నెలలో రక్తం (హిమోగ్లోబిన్) 8.6 వచ్చింది. 11 కంటే తక్కువుంటే రక్తహీనతే.

"ఐరన్ గోలీలు వేసుకుంటే బిడ్డ నల్లగ పుడతదట" అని అత్తమ్మలు అంటారు. పెద్దవాళ్లతో గొడవ పడకండి, నెమ్మదిగా చెప్పండి: బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. నల్లగా అయ్యేది విరేచనం ఒక్కటే, దానికి భయం లేదు. మలబద్ధకం మాత్రం బాగా ఇబ్బంది పెడుతుంది. జొన్నరొట్టె, జామకాయ, తోటకూర, పుంటికూర తినండి, నీళ్లు ఎక్కువ తాగండి. గోలీ ఆపకండి. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తే దాచుకోకుండా చెప్పండి, చాలాసార్లు రక్తం తక్కువుందనే దాని అర్థం. నట్టల గోలీ, అంటే కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చేది, అది కూడా నాలుగు నుంచి ఆరో నెల మధ్యే ఒక్కసారి ఇస్తారు.

అంగన్‌వాడీకి వెళ్లడం నామోషీ అనుకోవద్దు. ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి గర్భిణులకు ఒక పూట అన్నం, గుడ్డు, పాలు అక్కడే పెడుతున్నారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి ఆ పూట కడుపునిండా దొరుకుతుంది.

ఒంట్లో కొన్ని కొత్త మార్పులు వస్తాయి. పక్క మీద ఒత్తిగిలినప్పుడు, దగ్గినప్పుడు గజ్జల్లో చురుక్కుమంటుంది. గర్భసంచిని పట్టి ఉంచే తాళ్లు సాగడం వల్ల వచ్చే నొప్పి అది, కాసేపు కదలకుండా ఉంటే పోతుంది. ముక్కు దిబ్బడ, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి కాస్త రక్తం, వాసన లేని తెల్లబట్ట, ఇవి కూడా మామూలే. మూత్రం పోసేటప్పుడు మంట మాత్రం మామూలు కాదు, ఆ రోజే చూపించుకోవాలి.

పత్తి ఏరే రోజుల్లో అందరూ అడిగేది ఒకటే, "చేనుకు పోవచ్చా అక్కా?" అని. కూలి లేకపోతే ఇల్లు గడవదని నాకు తెలుసు. ఒంట్లో బాగుండి, డాక్టర్ వద్దనకపోతే తేలిక పని చేసుకోవచ్చు. కానీ మందు కొట్టిన చేనులోకి దిగవద్దు, పత్తి మూట నెత్తికి ఎత్తుకోవద్దు, గంటల తరబడి వంగి ఉండవద్దు. నీళ్ల సీసా వెంట ఉండాలి.

ప్రతి నెల 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. బీపీ, బరువు, రక్తం, మూత్రం చూపించుకొని కార్డులో రాయించుకోండి. ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్ మొదటిది అయితే, నాలుగు వారాలకు రెండోది. 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పనిసరిగా చేయించుకోండి. గుండె, వెన్నెముక, మెదడు, కిడ్నీలు ఒక్కొక్కటిగా చూసే స్కాన్ అది. అన్నీ బాగానే ఉన్నాయి కదా అని వారాలు దాటనిస్తే, ఏదైనా తేడా ఉన్నప్పుడు ఏం చేయాలో ఆలోచించుకునే వ్యవధి తగ్గిపోతుంది. మగా ఆడా అని అడగవద్దు. 1994 చట్టం ప్రకారం అది నేరం, చెప్పినవాళ్లకూ శిక్ష ఉంటుంది.

రక్తం కనిపించినా, నీరు కారినా, ఆగకుండా కడుపునొప్పి వచ్చినా, జ్వరమొచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా పొద్దున చూద్దాం అనుకోవద్దు. రాత్రి రెండు గంటలైనా బయల్దేరండి. మా ఊరివాళ్లయితే నన్ను లేపండి.

ఇక కదలిక. మొదటి కాన్పుకు 18 నుంచి 20 వారాల మధ్య, రెండోదానికి 16 దగ్గరే తెలియవచ్చు. మాయ (మావి) పొట్ట ముందువైపు ఉంటే ఇంకొంచెం ఆలస్యం. మొదట్లో తన్నినట్టు ఉండదు, నీళ్లలో చేపపిల్ల మెదిలినట్టు ఉంటుంది, గ్యాసేమో అనుకుంటారు. రాత్రి తిన్నాక ఎడమవైపు ఒత్తిగిలి కాసేపు చేయి పెట్టుకొని పడుకోండి. 22 వారాలు వచ్చినా తెలియకపోతే చూపించుకోండి. తెలిసిన రోజు మాత్రం తారీఖు కార్డు మూలన రాసిపెట్టి, నాకొక ఫోన్ చేయండి.