ఒస్సీ, వెస్సీ అన్న మాట వినబడితే ఏం చూసుకోవాలి

జర్మనీ వాళ్ల మధ్య నాలుగు రోజులుంటే చాలు, ఈ రెండు మాటలు చెవిన పడతాయి. తూర్పు వాళ్లు ఒస్సీలు, పడమటి వాళ్లు వెస్సీలు. వెనకే ముద్రలూ వస్తాయి: ఒస్సీలు ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూనే ఉంటారట, వెస్సీలు అన్నీ తమకే తెలిసినట్టు మాట్లాడతారట.

ముందు తేదీలు దగ్గర పెట్టుకోండి. 1949లో జర్మనీ తూర్పు, పడమర అని రెండు దేశాలవడం, 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ, 1989 నవంబర్ 9న అది తెరుచుకోవడం, 1990 అక్టోబర్ 3న రెండూ ఒకటవడం. ఇప్పుడు మీరు విన్న ముద్ర వీటిలో ఎక్కడ పుట్టిందో అడగండి. చాలామంది ఆ నలభై ఏళ్లలోనే వెతుకుతారు, 1990 తర్వాత ఏం జరిగిందో చూడరు, నన్నడిగితే అసలు సంగతి అక్కడే ఉంది. తూర్పున వేల ప్రభుత్వ కంపెనీలను ట్రాయ్‌హాండ్ అనే సంస్థ అమ్మేసింది, కొన్నింటిని మూసేసింది, లక్షలమంది ఉద్యోగాలు పోయాయి, పైగా కొత్తగా వచ్చిన బాసుల్లో చాలామంది పడమటి వాళ్లే. ఇక సణగకుండా ఎలా ఉంటారు? అన్నీ తెలిసినవాణ్ణి జర్మన్‌లో బెస్సర్‌విస్సర్ అంటారు, దాన్ని కాస్త తిప్పి బెస్సర్‌వెస్సీ అన్నారు, 1991లో అదే ఆ ఏటి మాటగా ఎంపికైంది. గోడ ఉన్నప్పుడు కాదు, పోయాక.

ప్రతి తేడానీ గోడకి అంటగట్టకండి. టైము రెండుంపావైతే దాన్ని 'పావు మూడు' అంటే తూర్పు వాడని తేల్చేస్తారు, కానీ నైరుతిలో ష్వాబియా వాళ్లూ అలాగే అంటారు, అది గోడ కంటే పాత అలవాటు. వేయించిన కోడిని బ్రాయిలర్ అంటే మాత్రం నిజంగానే తూర్పు.

పుట్టిన ఊరు బట్టి కూడా లెక్కేయకూడదు. ఏంజెలా మెర్కెల్ 1954లో హాంబర్గ్‌లో, అంటే పడమట, పుట్టింది. అదే ఏడాది తల్లిదండ్రులతో తూర్పుకి వెళ్లి అక్కడే పెరిగింది. మరి ఏమనాలి?

'నువ్వు ఒస్సీవా?' అని ముఖం మీద అడక్కండి. వాళ్లలో వాళ్లకి అది జోకు, బయటివాళ్లు అంటే గుచ్చుకుంటుంది. 'చిన్నప్పుడు మీ అమ్మగారు ఉద్యోగం చేసేవారా?' అని అడిగి చూడండి. తూర్పున ఎక్కువమంది తల్లులు పిల్లల్ని క్రెష్‌లో వదిలి పనికి వెళ్లేవారు. పడమట 1977 దాకా ఇంటి పనికి అడ్డు రాకపోతేనే భార్య ఉద్యోగం చేయొచ్చని చట్టంలోనే ఉండేది.