మొదటి లఘుచిత్రం నాలుగు నిమిషాలు దాటకూడదు

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నది. చేతిలో ఉన్న ఫోను చాలు. ఏదైనా కొనక తప్పదనుకుంటే చొక్కాకు తగిలించుకునే చిన్న కాలర్ మైకు కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు గాని, మాట వినబడకపోతే అర నిమిషం కూడా కూర్చోడు.

కథ విషయంలో నేను పెట్టుకున్న హద్దు ఇద్దరు మనుషులు, ఒకే చోటు, నాలుగు నిమిషాలు. అంతకంటే పెద్ద కథ తలకెత్తుకున్న మిత్రబృందాలు సగంలో ఆగిపోవడమే నేను ఎక్కువగా చూశాను. ఉదాహరణకు కర్నూలులో తెల్లవారగానే ఉగ్గాని, బజ్జీ అమ్మే తోపుడు బండి ఒకటి తీసుకుందాం. బండి నడిపే తండ్రి దగ్గరికి పరీక్ష ఫీజు అడుగుదామని కొడుకు వస్తాడు. బేరం సరిగా లేదని గమనించి, అడగలేక, ప్లేట్లు కడగడం మొదలుపెడతాడు. తండ్రి డబ్బాలోంచి నోట్లు తీసి, ఏమీ అనకుండా, కడిగిన ప్లేటు కింద పెడతాడు. కథ ఇంతే.

దీన్ని స్క్రిప్టుగా రాసేటప్పుడు కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ తప్ప మరేమీ రాయకూడదు. ‘కొడుకు లోలోపల మథనపడుతున్నాడు’ అని రాస్తే దాన్ని ఏ కెమెరా తీయలేదు. ‘కడిగిన ప్లేటునే మళ్లీ కడిగాడు’ అని రాస్తే తీయవచ్చు. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం అన్నది వాడుకలో ఉన్న లెక్కే అయినా, పైకి చదువుతూ గడియారం చూసుకోవడం అంతకంటే నమ్మదగినది. తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్లి తెలుగు సినిమాకు పెద్దదిక్కయిన దర్శకుడు కె.వి.రెడ్డి షూటింగుకు ముందే స్క్రిప్టు పూర్తిచేసుకుని, సన్నివేశాల నిడివిని స్టాప్‌వాచీతో లెక్కగట్టేవారని ప్రసిద్ధి.

సంభాషణలు మన ఇళ్లలో మాట్లాడుకునే మాటలోనే రాయండి. తండ్రి ‘ఏమిరా, కాలేజీకి పోల్యా?’ అంటే, కొడుకు ‘పోతాండా నాయినా’ అంటాడు. సీమ మాట అనగానే తొడగొట్టి సవాలు విసరడమే అన్నట్టు సినిమాలు అలవాటు చేశాయి గాని, మన అమ్మలు వంటింట్లో మాట్లాడే సీమ మాట చాలా మెత్తనిది. తెర మీద అది వినబడడం అరుదు కాబట్టే దానికి విలువ.

తరువాతి పని షాట్ డివిజన్, అంటే సన్నివేశాన్ని ఏయే షాట్లుగా తీయాలో విడగొట్టుకోవడం. బండి, ఇద్దరు మనుషులు, వెనక వీధి అన్నీ కనబడే మాస్టర్ షాట్‌ను మొదట తీసి, సన్నివేశాన్ని అందులో మొదటి నుంచి చివరి దాకా నడిపించండి. ఆ తరువాత ఏ షాట్ చెడిపోయినా ఎడిటింగులో ఆదుకునేది అదే. ఆపైన తండ్రి భుజం మీదుగా కొడుకు కనబడే సజెషన్ షాట్, కొడుకు వైపు నుంచి తండ్రి, నీళ్లలో ఆడే చేతుల క్లోజప్, చివరగా ప్లేటు కింద నోట్లు. ఇద్దరి మధ్య ఒక గీత గీసినట్టు ఊహించుకుని, అన్ని షాట్లలోనూ కెమెరాను ఆ గీతకు ఒకే పక్కన ఉంచాలి. గీత దాటితే లుక్కులు తప్పి, ఎదురెదురుగా నిలబడ్డ తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనబడతారు. తడిసిన చొక్కా చెయ్యి ఏ షాట్‌లో ఎంతవరకు మడిచి ఉందో రాసుకోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కేటాయించండి.

ఫోను ఆటోమేటిక్ పద్ధతిలో ఉంటే షాట్ మధ్యలో వెలుగు తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ముఖం మీద వేలితో నొక్కి పట్టి ఫోకస్‌నూ ఎక్స్‌పోజర్‌నూ లాక్ చేయండి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), 1/50 సెకను షటర్ పెట్టుకుంటే బొమ్మలో చారలు పాకవు. ఎండాకాలంలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఫోను వేడెక్కి రికార్డింగు ఆపేస్తుంది. పైగా నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల గుంటల్లో నీడ పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తరువాత తీయండి. నీడవైపు చెంప మరీ చీకటిగా ఉంటే, ఫ్యాన్సీ దుకాణంలో దొరికే తెల్లటి థర్మోకోల్ షీటును ఎదురుగా పట్టుకుంటే చాలు.

శబ్దం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా మొదటి చిత్రం పాడైంది అక్కడే. ఒక ఇంట్లో రాత్రి తీసిన సన్నివేశంలో మేము ఫ్యాను ఆపాము గాని, పక్కగదిలోని ఫ్రిజ్ సంగతి ఎవరికీ తట్టలేదు. అది ఒక షాట్‌లో మోగుతూ, ఇంకో షాట్‌లో ఆగుతూ ఉండడంతో, కట్ చేసిన ప్రతిచోటా హోరు తెగిపోయి మొత్తం డబ్బింగు చెప్పుకోవలసి వచ్చింది. ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళంచెవిని అందులోనే పెట్టండి. ఇంటికి బయలుదేరేటప్పుడు ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోరు. మాటలన్నీ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ చోటి మౌనాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య ఖాళీని పూడ్చేది అదే. మైకును వేరే ఫోనుకు తగిలిస్తే, ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టించండి. బొమ్మలో చేతులు కలిసిన క్షణాన్ని శబ్దంలోని దెబ్బతో సరిపోల్చుకోవచ్చు.

గండికోటలోని ఆలయాలు, లేపాక్షి వంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి కాబట్టి, అక్కడ చిత్రీకరణకు ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాళ్లను పైనుంచి తీద్దామని డ్రోను పట్టుకుని బయలుదేరకండి, అక్కడికి దగ్గరలోనే విమానాశ్రయం ఉంది. తోపుడు బండి యజమానిని అడగడం మరింత అవసరం. తెల్లవారి బేరం పోతుంది కనుక ఆ నష్టం ఇవ్వడం కూడా మీ బడ్జెట్లో రాసుకోండి.

తీసినదాన్ని ఆ సాయంత్రమే రెండు చోట్ల కాపీ చేసుకోండి. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షనే మొదటి ఎడిటింగుకు ఎక్కువ. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటూ రికార్డు చేస్తాయి గనుక, మాటా పెదవులూ తప్పుతుంటే ఫైళ్లను ముందుగా స్థిరమైన ఫ్రేము రేటులోకి మార్చండి. సినిమా పాటలు వాడితే హక్కుల చిక్కు వస్తుంది. ఈ కథకు పాట అక్కరలేదు, బజ్జీలు వేగే చప్పుడు చాలు.

కూర్పు అయ్యాక, ఆ చిత్రంలో పనిచేయని నలుగురికి చూపించి, తెరను కాకుండా వాళ్ల ముఖాలను చూస్తూ కూర్చోండి. ఎవరైనా జేబులోంచి ఫోను తీసిన నిమిషమూ సెకనూ రాసుకుని, ఇంటికి వెళ్లి అక్కడికి పది సెకన్ల ముందు నుంచి కత్తెర వేయండి.