ఫారం-5 నేర్చుకుందాం - మూడో పాఠం: రాతి బురద లెక్క

గత పాఠంలో బోరు మీటరు రీడింగులు తీసుకుని రోజుకు ఎంత నీరు వాడామో తేల్చి, దాన్ని ఉత్పత్తితో భాగించి, ఫారం-5 అనే వార్షిక పర్యావరణ నివేదికలో ‘బి’ భాగం నింపాం. ఈసారి ‘ఇ’ భాగం, అంటే ఘన వ్యర్థాలు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో లెక్కలు రాసే వాళ్ల కోసమే ఈ పాఠాలు కాబట్టి, ఇవాళ ఎక్కువ సేపు బురద దగ్గరే ఆగుదాం.

కొత్తగా చేరిన వాళ్లకు ఒక్క మాట. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 14వ నియమం ఉంది. నీటి చట్టం కింద గానీ గాలి చట్టం కింద గానీ అనుమతి అవసరమైన పరిశ్రమ ఏదైనా, మార్చి 31తో ముగిసిన ఏడాదికి పర్యావరణ నివేదికను ఫారం-5లో నింపి సెప్టెంబరు 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలని అది చెబుతుంది. ఆగస్టు దాకా ఊరుకుని, తర్వాత టెన్షన్ పడుతూ పోయినేడాది కాగితం బయటికి తీసి తేదీలు మార్చి పంపేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలన్నదే నా తాపత్రయం.

ఫారంలో ‘గత ఆర్థిక సంవత్సరం’, ‘ప్రస్తుత ఆర్థిక సంవత్సరం’ అని రెండు గడులుంటాయి. ‘ప్రస్తుత’ అంటే ఇప్పుడు నడుస్తున్న ఏడాది కాదు, నివేదిక ఇస్తున్న ఏడాది. 2026 సెప్టెంబరులో ఇచ్చే కాగితంలో అక్కడ 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా లెక్క రావాలి.

ఇక బురద. కట్టర్ బ్లేడు రాయిలోకి దిగినప్పుడు తన మందం మేర రాయిని పొడి చేస్తుంది. ఆ పొడి నీళ్లతో కలిసి కాలువ గుండా సెట్లింగ్ ట్యాంకులోకి పోయి అడుక్కు దిగుతుంది. అంటే బురద ఎంత వచ్చిందో ఊహించక్కర్లేదు, బ్లేడే చెబుతుంది. కోసిన రాయి మీద బ్లేడు చేసిన గాడి వెడల్పు కొలవండి. బ్లేడును కాదు, గాడినే కొలవాలి, ఎందుకంటే బ్లేడు అంచున రాయిని కోసే ముక్క, అంటే సెగ్మెంటు, బ్లేడు రేకు కంటే మందంగా ఉంటుంది. అది 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒక చదరపు మీటరు స్లాబుకు పొడి అయిన రాయి 0.008 ఘనపు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరుకు దాదాపు 2,700 కిలోలు తూగుతుంది. రెండూ గుణిస్తే 21.6 కిలోలు. మనం అమ్మేది అడుగుల్లో కదా, చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు. భాగిస్తే అడుగుకు రెండు కిలోలు.

ఈ రెండు కిలోలు నోటికొచ్చేయాలి. ఏడాదికి లక్ష అడుగులు కోసిన యూనిట్‌లో 200 టన్నుల పొడి పుట్టినట్టే. అదే యూనిట్ ఫారంలో ‘బురద 15 టన్నులు’ అని రాస్తే, చదివే అధికారి కాలిక్యులేటర్ తీయకుండానే పట్టుకుంటాడు. మిగతా 185 టన్నులు ఎక్కడికి పోయాయని అడిగితే సమాధానం ఉండదు. పాలిషింగ్‌లో పోయే పొడి, బ్లాకు కింది భాగం కోత వల్ల లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతవరకు పర్లేదు.

అయితే ట్రాక్టర్‌లో పోయేది పొడి కాదు, తడి బురద. ఆరబెట్టే చోటు నుంచి కిలో బురద తెచ్చి రేకు పళ్లెంలో పరిచి, బరువు ఇక తగ్గదనే దాకా ఎండబెట్టండి. 750 గ్రాములు మిగిలితే తేమ 25 శాతం. 200 టన్నుల పొడిని 0.75తో భాగిస్తే తడి బురద 267 టన్నులు. లోడుకు నాలుగు టన్నులు వేసుకున్నా 67 లోడ్లు. కాటా చీటీలు ఆ దరిదాపుల్లో ఉన్నాయా? లేకపోతే లోడ్లు కాటా ఎక్కకుండానే పోతున్నాయి. ముందు ఆ సంగతి చూడాలి. వానాకాలంలో తేమ మారుతుంది కాబట్టి కనీసం మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయండి.

ఫారంలో ట్యాంకుల్లో దిగిన బురదను ‘కాలుష్య నియంత్రణ ఏర్పాట్ల నుంచి’ అన్న వరుసలో రాయండి. విరిగిన ముక్కలు, చెక్కులు ‘తయారీ ప్రక్రియ నుంచి’ అన్న వరుసలోకి వస్తాయి. లోపలే తిరిగి వాడుకున్నది, అమ్మినది, పారవేసినది విడివిడిగా చూపాలి. పునాదులకు కొనుక్కుపోయిన ముక్కలు అమ్మకం కిందికే వస్తాయి. తేదీ, లోడు బరువు, బండి నంబరు, దింపిన చోటు - ఈ నాలుగూ లేని రిజిస్టరు ఉన్నా లేనట్టే.

‘దింపిన చోటు’ దగ్గర నేను పట్టుబడతాను. వంశధార ఎడమ కాలువ కింద మడుల పక్కనే మన యూనిట్లు కొన్ని ఉన్నాయి. ఆ బురద గట్టు దాటి మడిలోకి దిగితే మెత్తటి పొడి మట్టి సందుల్లో పూడుకుపోయి నీరు ఇంకనివ్వదు. ఎండిపోతే గాలికి లేస్తుంది. అందులో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చిన కూలీకి సిలికోసిస్ వస్తే, పాడైన ఊపిరితిత్తులను తిరిగి బాగుచేసే మందు లేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా కనిపించినప్పుడల్లా నాకు ఆ పొలమూ ఆ కూలీ గుర్తొస్తారు. ‘పంచాయతీ స్థలం’ అని రాసి వదిలేయకండి. ఊరు, సర్వే నంబరు, ఎవరి అనుమతితో దింపారో రాయండి.

‘ఎఫ్’ భాగానికి ఇదే సమాచారం పనికొస్తుంది. పొడిలో ఏముంది, ఎంత ఉంది, ఎలా పారవేశారు అన్నవి రాస్తే సరిపోతుంది.

అభ్యాసం: మీ యూనిట్ గాడి వెడల్పు కొలిచి అడుగుకు ఎన్ని కిలోలో తేల్చండి. గత మూడు నెలల ఉత్పత్తితో గుణించి, తేమ కలిపి, కాటా చీటీల మొత్తంతో పోల్చండి. గాడి 6 మిల్లీమీటర్లయితే అడుగుకు ఒకటిన్నర కిలో రావాలి. అలా రాకపోతే గుణకారం మళ్లీ చూసుకోండి.

వచ్చే పాఠం ‘డి’ భాగం, అంటే ప్రమాదకర వ్యర్థాలు. మన దగ్గర అది యంత్రాల నుంచి తీసిన పాత నూనె. దానికి ఫారం-4 పేరుతో వేరే వార్షిక నివేదిక ఉంది, గడువు జూన్ 30. డ్రమ్ములు ఎన్ని ఉన్నాయో, ఒక్కో దాన్ని ఏ తేదీన నింపడం మొదలుపెట్టారో రాసి ఉంచుకోండి. అలాంటి వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదన్న పరిమితి లెక్కకు అది పనికొస్తుంది.