కేబీఆర్ పార్కులో శరదృతువును చూడటం ఎలా?

శరత్కాలం అంటే ఎర్రటి ఆకులు రాలడం అని ఫోన్లో ఫొటోలు చూసి అనుకుంటాం. మనకు ఆకులు రాలేది శిశిరంలో. ఆశ్వయుజ, కార్తీకాల్లో హైదరాబాద్‌లో వానలు తగ్గుతాయి, ఆకాశం తేటపడుతుంది, గడ్డి కంకి వేస్తుంది. ఇది చూడాలంటే బంజారాహిల్స్ పక్కనే ఉన్న కేబీఆర్ పార్కుకు మించిన చోటు లేదని నా నమ్మకం.

ముందుగా, పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళ్ళండి. ఎండ ఎక్కితే మంచు ఆరిపోతుంది, పిట్టలు సద్దుమణుగుతాయి. ఇయర్‌ఫోన్లు జేబులోనే ఉంచండి. స్టెప్పుల లెక్క ఆ ఒక్క రోజుకు మానేయండి.

రెండోది, ఒక చోటు ఎంచుకోండి. ఒక పొద, ఒక చెట్టు చాలు. వారానికోసారి దాని దగ్గరే ఆగండి. సీతాఫలం చెట్టయితే మరీ మంచిది. కాయ మీది కళ్ళు మొదట ఒకదానికొకటి ఆనుకుని పచ్చగా ఉంటాయి. పక్వానికొచ్చేకొద్దీ విడివడి, మధ్య గాడి లేత పసుపుగా మారుతుంది. కన్ను విచ్చుకోవడం అంటే అదే. బండి మీద కొనేటప్పుడు చూసే ఆ గుర్తు చెట్టు మీద వారం వారం చూస్తుంటే వేరే ఆనందం.

తర్వాత తలెత్తి చెట్ల మధ్య చూడండి. వానలయ్యాక పెద్ద సాలీళ్ళ గూళ్ళు అడ్డంగా కనిపిస్తాయి. ఏటవాలు ఎండలో ఆ దారం బంగారు రంగులో మెరుస్తుంది. నల్లటి పెద్దది ఆడది, అదే గూటి అంచున ఉండే చిన్నది మగది. చేయి పెట్టకండి.

నెమళ్ళు ఇప్పుడు పింఛం రాల్చుకుని బోసిగా తిరుగుతాయి, జబ్బు చేసిందని కంగారుపడొద్దు. మళ్ళీ వస్తుంది. ఈక దొరికినా ఇంటికి తీసుకెళ్ళొద్దు. 1998 నుంచి ఇది జాతీయ ఉద్యానవనం, పువ్వు కూడా కోయకూడదు. బతుకమ్మకు తంగేడు, గునుగు బజారులో కొనుక్కోవచ్చు.

కార్తీకంలో స్వెటర్ వేసుకుని మరోసారి రండి. దారి మీద తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరుగెత్తే సన్నటి పిట్ట కనిపిస్తే ఆగండి, అది చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చిన అతిథి. దారి పక్క గునుగు ఉంటే వంగి చూడండి. కొనన గులాబీ రంగు పోయి కంకంతా తెల్లబడి ఉంటుంది. వేలితో మెల్లగా తడితే నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. వాటిని ఆ మట్టిలోనే వదిలేయండి.